చిన్న పిల్లలకు ఇంగ్లీషు నోటికి రావాలంటే: సంచి ఆట, బస్సాట, కాళహస్తి కథ

మా బడి శ్రీనివాసమంగాపురం నుంచి చంద్రగిరి వెళ్ళే దారికి కాస్త లోపలగా ఉంటుంది. శ్రీవారి మెట్టు ఎక్కడానికి వచ్చే యాత్రికుల బండ్లు దారి తప్పి ఒక్కోసారి మా గేటు దగ్గర ఆగుతాయి. కొన్నేళ్ళ కిందట అట్లాగే ఒక కారు ఆగింది. అందులోంచి ఒక పెద్దావిడ మా ఐదో తరగతి పిల్లాణ్ణి "వాటర్? వేర్ ఈజ్ వాటర్?" అని అడిగింది. వాడికి వాటర్ అంటే తెలుసు. ఆ వారమే పరీక్షలో ఆ మాట స్పెల్లింగు తప్పు లేకుండా రాశాడు. బోరింగు వాడి వెనకే ఉంది. అయినా నోరు పెగల్లేదు. తల వంచుకుని నిలబడిపోయాడు.

ఆ పిల్లాడికి నేను ఐదేళ్ళు పాఠం చెప్పాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. వాడికి ఇంగ్లీషు మాటలు వచ్చు, కానీ ఆ మాటతో పని పడిన రోజు ఆ ఐదేళ్ళలో ఒక్కటీ లేదు. బోర్డు మీద చూసి రాయడం, అందరితో కలిసి గట్టిగా అనడం, అంతే. అప్పటి నుంచి నా తరగతిలో ఏ ఆట పెట్టినా ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటున్నాను: ఈ ఆటలో పిల్లకు ఇంగ్లీషు మాట అనాల్సిన అవసరం నిజంగా ఉందా? అవసరం లేకపోతే ఆ ఆట ఎంత సందడిగా ఉన్నా పక్కన పెడతాను.

ఈ ఆలోచన నా సొంతం కాదు. బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బడుల్లో ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణాన్ని పాఠంగా చెప్పకుండా ఒక మ్యాపు, ఒక రైళ్ళ టైంటేబుల్ లాంటివి పిల్లల ముందు పెట్టి, అందులో ఒక చిక్కు విప్పమనేవారు. చిక్కు విప్పే పనిలో భాష దానంతట అదే వస్తుందన్నది ఆయన నమ్మకం. మన పక్కనే, మనలాంటి పిల్లలతో జరిగిన పని అది. నేను చేసేది దానికి ఒకటి నుంచి ఐదు తరగతుల స్థాయిలో పల్లెటూరి రూపం.

ముందు సమకూర్చుకోవాల్సినవి

ఖర్చు పెట్టాల్సింది దాదాపు ఏమీ లేదు. లోపలిది బయటికి కనబడని ఒక గుడ్డ సంచి. సుద్దముక్కలు. పాత క్యాలెండర్లు. ఊళ్ళో ఇళ్ళ నుంచి అడిగి తెచ్చిన పాత శుభలేఖలు, వీటి వెనక వైపు తెల్లగా, అట్ట గట్టిగా ఉంటుంది కాబట్టి బొమ్మల కార్డులకు ఇంతకంటే మంచివి కొన్నా దొరకవు. గుప్పెడు చింతగింజలు, సీసా మూతలు. బజారులో అమ్మే ఏ ఫర్ యాపిల్ చార్టు గోడ మీద ఉంటే ఉండనివ్వండి, కానీ దాని మీద ఆధారపడకండి. మన పిల్లల చేతికి రోజూ తగిలేవి మామిడికాయ, చెనిక్కాయ, రాగిజావ గ్లాసు, చిక్కీ. మొదటి వంద మాటలు అక్కడి నుంచే రావాలి.

ఇంకొకటి, మీ తరగతిలో ఎవరింట్లో ఏ భాష మాట్లాడతారో ముందే రాసి పెట్టుకోండి. నగరి, సత్యవేడు వైపు తమిళం, కుప్పం వైపు కన్నడం, తమిళం, తిరుపతి పేటల్లో ఉర్దూ. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి మాట్లాడే పిల్లకు ఇంగ్లీషు మూడోది. వాళ్ళు వెనకబడి ఉన్నారనుకోకండి. ఒక వస్తువుకు రెండు పేర్లు ఉంటాయని వాళ్ళకు అప్పటికే తెలుసు. మూడో పేరుకు తొందరగా ఒప్పుకునేది వాళ్ళే.

మొదటి రెండు వారాలు: వినాలి, చేయాలి, మాట్లాడక్కర్లేదు

పసిపిల్ల మాట్లాడే ముందు నెలల తరబడి వింటుంది. "బంతి తీసుకురా" అంటే తెస్తుంది, నోటితో మాత్రం ఏమీ అనదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో దీని మీదే ఒక బోధనా పద్ధతి తయారుచేశారు. గురువు ఒక పని చెబుతారు, పిల్లలు ఒంటితో చేసి చూపిస్తారు. ఒకటి, రెండు తరగతులకు ఇంతకంటే మంచి మొదలు నేను చూడలేదు.

చేసే తీరు ఇది. మొదటి రోజు మూడే మాటలు: "స్టాండ్ అప్", "సిట్ డౌన్", "జంప్". మొదట మీరు చెబుతూ మీరే చేయండి, పిల్లలు చూస్తారు. రెండోసారి మీరు చెబుతూ వాళ్ళతో కలిసి చేయండి. మూడోసారి మీరు చెప్పి కదలకుండా నిలబడండి. వాళ్ళు చేయాలి. చాలామంది ఇక్కడ పొరబడతారు. వరుస మార్చకుండా చెబితే పిల్లలు మాట వినరు, వరుస గుర్తుపెట్టుకుని చేసేస్తారు. అందుకని నాలుగోసారి వరుస తారుమారు చేయండి. "సిట్ డౌన్" తర్వాత మళ్ళీ "సిట్ డౌన్" అనండి. కూర్చున్న పిల్ల అయోమయంగా చూసి, అర్థమై నవ్వుతుంది. విన్నదని అప్పుడు తెలుస్తుంది.

రోజుకు రెండు కొత్త పనులు చేర్చండి. "టచ్ యువర్ నోస్", "ఓపెన్ ద డోర్", "గివ్ ద చాక్ టు" అని ఒక పిల్ల పేరు. వారం దాటాక రెండు పనులు కలపండి: "వాక్ టు ద విండో అండ్ జంప్." రెండో వారం చివర "ఇప్పుడు టీచర్ ఎవరు?" అని అడగండి. చేయి ఎత్తినవాళ్ళు ముందుకొచ్చి మిగతా తరగతికి పని చెబుతారు. ఎత్తనివాళ్ళను లాగకండి.

మా బడిలో ఇంట్లో తమిళం మాట్లాడే ఒక పాప జూన్‌లో చేరి ఆగస్టు దాకా నోరు తెరవలేదు. చెప్పిన పని మాత్రం అందరికంటే ముందు చేసేది. వాళ్ళ నాన్న వచ్చి "మేడమ్, పాపకి ఏమైనా ఇబ్బందా?" అని టెన్షన్ పడ్డాడు. "లేదన్నా, వింటా ఉంది, కొన్నాళ్ళు ఆగండి" అన్నాను. ఆగస్టులో ఒక మధ్యాహ్నం భోజనం వరుసలో ముందున్న పిల్లాడు కదలకుండా నిలబడితే వెనక నుంచి ఆ పాప గొంతు వినిపించింది: "వాక్! వాక్!" తర్వాత ఇక ఆపలేకపోయాం.

నోరు తిరగడానికి రోజూ ఐదు నిమిషాలు

మన పిల్లలు దొరల్లా పలకాలని నేను అనుకోను. ఎదుటివాడికి అర్థమైతే చాలు. కానీ తెలుగు నోటికి అలవాటైన కొన్ని శబ్దాలు ఇంగ్లీషు మాటను పాడుచేస్తాయి. వాటి మీద మాత్రం పట్టుబట్టాలి.

మొదటిది మాట చివర ఉకారం. తెలుగు మాట అచ్చుతో ముగియడం మామూలు కాబట్టి పెన్ "పెన్ను" అవుతుంది, బుక్ "బుక్కు" అవుతుంది. దీనికి నేను "కత్తెర ఆట" ఆడిస్తాను. మాట అంటూ చివర రెండు వేళ్ళతో కత్తెర వేయాలి. కత్తెర పడ్డాక గొంతు వినబడితే ఆ పిల్ల కూర్చోవాలి. మూడు రోజుల్లో తోకలు తెగుతాయి.

రెండోది మాట మొదట్లో చేరే య, వ. ఎగ్‌ను యెగ్ అంటారు, ఓన్లీని వోన్లీ అంటారు. తెలుగులో మనం "ఎవరు" అన్నా నోట్లో సన్నగా య వస్తుంది, అలవాటు అక్కడిది. నోరు ముందే తెరిచి, ఒక క్షణం ఆగి, అప్పుడు శబ్దం చేయమనండి. మధ్యాహ్నం గుడ్డు వడ్డించే రోజు దీనికి అనువైనది. గుడ్డు చేతికి వచ్చే ముందు ప్రతి పిల్లా "ఎగ్, ప్లీజ్" అనాలి. యెగ్ అంటే మళ్ళీ ఒక్కసారి అనిపిస్తాం, ఎట్లా అన్నా గుడ్డు ఇచ్చేస్తాం. తిండి దగ్గర ఎవరినీ ఆపకూడదు.

మూడోది "జూ" అనే ఇంగ్లీషు మాటలో మొదటి శబ్దం. ఇది మనకు బొత్తిగా కొత్త కాదు. "జాతి"లో జ వేరు, "జడ"లో జ వేరు. రెండో దాన్ని సాగదీసి, నాలుక పైన తగలకుండా తుమ్మెదలా ఝుమ్మనిపిస్తే జూలో శబ్దానికి దగ్గరకొస్తుంది. క్యాట్, బ్యాట్‌లో అచ్చు కూడా అంతే. "మేకు" అనండి, "మేక" అనండి. మేకలో నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది కదా? ఆ తెరిచిన ఏకారమే క్యాట్ దగ్గరికి తీసుకెళ్తుంది. పిల్లలకు రాని శబ్దాన్ని వాళ్ళ నోట్లో ఉన్న శబ్దం నుంచి లాగితే వాళ్ళకు భయం ఉండదు.

స్కూల్‌ను ఇస్కూల్ అనే పిల్లలకు పాములా "స్‌స్‌స్" అని బుసకొట్టించి, ఆ బుస తెగకుండా "కూల్" అనిపించండి.

సంచి ఆట

మూడో వారం నుంచి మా తరగతికి ప్రాణం ఇదే. ఇందులో ఒక పిల్లకు తెలిసినది మిగతావాళ్ళకు తెలియదు. తెలియజేయడానికి ఉన్న దారి ఇంగ్లీషు ఒక్కటే. అందుకే పిల్లలు మాట్లాడతారు.

ముందురోజు ఎనిమిది గుణాలు నేర్పండి: బిగ్, స్మాల్, లాంగ్, రౌండ్, హార్డ్, సాఫ్ట్, స్మూత్, రఫ్. వీటిని బోర్డు మీద కాకుండా చేతుల్లో పెట్టి నేర్పాలి. గోలీకాయ స్మూత్, కొబ్బరిచిప్ప రఫ్, పత్తి సాఫ్ట్. వరుసగా చేతులు మారుతూ వెళ్ళాలి, ప్రతి పిల్లా తాకి మాట అనాలి.

మర్నాడు సంచిలో పది వస్తువులు వేయండి. ఒక పిల్లను పిలిచి, కళ్ళు మూసుకుని సంచిలో చేయి పెట్టి ఒక వస్తువు పట్టుకోమనండి. బయటికి తీయకూడదు. "ఇట్ ఈజ్ హార్డ్. ఇట్ ఈజ్ రౌండ్." మిగతావాళ్ళు ఊహించాలి. మూడు ఊహలు తప్పితే తరగతి ప్రశ్న వేయవచ్చు: "ఈజ్ ఇట్ బిగ్?" "కెన్ వి ఈట్ ఇట్?" ఆ రెండో ప్రశ్న మా వాళ్ళకు ఎంత ఇష్టమంటే సుద్దముక్క పట్టుకున్నా అడుగుతారు.

వస్తువులు ఎంచుకోవడంలోనే మీ నేర్పంతా ఉంది. అన్నీ గుండ్రంగా ఉంటే ఒక్క మాటతో పని తేలదు, పిల్ల ఇంకో మాట వెతుక్కుంటుంది. నిమ్మకాయ, గోలీ, చింతగింజ, టమోటా ఒకే సంచిలో వేయండి. అప్పుడు "రౌండ్" సరిపోదు. సాఫ్ట్ అనాలి, స్మాల్ అనాలి.

ఒక రోజు కాకరకాయ వేశాను. నాలుగో తరగతి అమ్మాయి చేయి పెట్టింది. "ఇట్ ఈజ్ లాంగ్" అంది. "ఇట్ ఈజ్ రఫ్" అంది. ఎవరో "కోకోనట్" అన్నారు, "రోప్" అన్నారు. అమ్మాయి తల అడ్డంగా ఊపుతోంది, వేళ్ళు సంచిలో కదులుతూనే ఉన్నాయి. తన దగ్గర ఉన్న మాటలు అయిపోయాయి. నా వైపు చూసింది. నేను చెప్పలేదు. కాసేపటికి "మెనీ... మెనీ స్మాల్ హిల్స్" అంది. తిరుమల పాఠంలో నేర్చుకున్న "హిల్" అది. తరగతంతా ఒక్కసారిగా "కాకరకాయ!" అని అరిచింది. వెంటనే నలుగురు నన్ను అడిగారు: "టీచర్, కాకరకాయని ఇంగ్లీషులో ఏమంటారు?" ఆ రోజు చెప్పిన "బిట్టర్ గోర్డ్" ఆ తరగతిలో ఎవరూ మర్చిపోలేదు. ముందే చార్టులో చూపించి ఉంటే అది ఇంకో కూరగాయ పేరుగా మిగిలేది.

పిల్ల తడుముకుంటున్నప్పుడు మనకు ఆత్రం ఆగదు. మనసులో పది లెక్కపెట్టండి. మాట అందించాలనిపిస్తే ఇంకో ఐదు లెక్కపెట్టండి.

బస్సాట

మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిపి ఆడించవచ్చు. ఏకోపాధ్యాయ బడిలో ఇది పెద్ద వెసులుబాటు. తయారీకి ఒక రోజు, నేర్పడానికి రెండు రోజులు, ఆటకు వారం పడుతుంది.

బెంచీలు రెండు వరుసలు వేసి నడుమ దారి వదలండి. అట్ట మీద ఊళ్ళ పేర్లు ఇంగ్లీషులో రాసి గది నాలుగు మూలలా పెట్టండి: తిరుపతి, చంద్రగిరి, పాకాల, కాణిపాకం. కండక్టరుకు ఒక ఛార్జీల పట్టీ ఇవ్వండి. చంద్రగిరికి పదిహేను, పాకాలకు ముప్పై, కాణిపాకానికి యాభై, ఇట్లా మీకు తోచిన అంకెలు వేయండి. ఈ పట్టీ కండక్టరు దగ్గరే ఉండాలి, ఇంకెవరూ చూడకూడదు. ప్రయాణికులకు ఒక్కొక్కరికి ఒక కార్డు, కొంత కాగితం డబ్బు. కార్డు మీద "కాణిపాకం, ముగ్గురు" అని బొమ్మతో ఉంటుంది. కండక్టరుకు ఆ సంగతి తెలియదు. ఇద్దరి దగ్గరా సగం సగం సమాచారం ఉంది. మాట్లాడకపోతే టికెట్ తెగదు.

మాటలు ఇంతే నేర్పండి:
"వేర్ టు?"
"కాణిపాకం, ప్లీజ్."
"హౌ మెనీ?"
"త్రీ. హౌ మచ్?"
"వన్ హండ్రెడ్ అండ్ ఫిఫ్టీ."
"హియర్ యు ఆర్."

రెండు బస్సులు పెడితే ముప్పై మందికి పని దొరుకుతుంది. రెండో తరగతి పిల్లలను స్టాపుల్లో నిలబెట్టి, బస్సు ఆగగానే ఊరి పేరు చదివి అరవమనండి. ఒకటో తరగతి వాళ్ళు టికెట్లు చింపుతారు, అంకెలు చెబుతారు. ఆట అయ్యాక ప్రతి ప్రయాణికుడి దగ్గర ఎంత మిగిలిందో లెక్క చూడండి. లెక్క తప్పితే ఎక్కడ మాట తప్పిందో వెనక్కి వెళ్ళి వెతకాలి. ఈ లెక్క చూసే భాగం వదిలేస్తే ఆట నాటకమై పోతుంది, పిల్లలు మాటలు బట్టీ చెప్పి దిగిపోతారు.

ఒకసారి మా కండక్టరు "ఫిఫ్టీ" అని యాభై తీసుకున్నాడు. చంద్రగిరి ఛార్జీ పదిహేను. ప్రయాణికుడు అంతకుముందే రెండు టికెట్లు కొన్నవాడు, వాడికి అనుమానం వచ్చింది. "నో! నో ఫిఫ్టీ! వన్ ఫైవ్! వన్ ఫైవ్!" అని లేచి నిలబడ్డాడు. కండక్టరు పట్టీ చూసుకుని "సారీ. ఫిఫ్టీ...న్" అన్నాడు, చివరి నకారాన్ని లాగి లాగి. ఫిఫ్టీకీ ఫిఫ్టీన్‌కీ తేడా నేను బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పానో. ముప్పై ఐదు కాగితం రూపాయలు పోతాయన్నప్పుడు గానీ ఎక్కలేదు.

ఈ ఆట నిలబడ్డాక ఇదే అచ్చులో కూరగాయల అంగడి, మందుల షాపు ఆడించవచ్చు. నెలకు ఒకటి చాలు.

తెలుగు వాక్యం అడ్డొచ్చే చోట్లు

పిల్ల "ఐ మ్యాంగో ఈట్" అంటే అది తెలివితక్కువ తప్పు కాదు. "నేను మామిడికాయ తింటాను" అన్న వరుసనే పెట్టింది. సుద్దతో నేల మీద మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో ఎవరు, రెండో గడిలో ఏం చేస్తారు, మూడో గడిలో దేన్ని. ముగ్గురు పిల్లలు మూడు మాటల కార్డులు పట్టుకుని గళ్ళలోకి దూకాలి. తెలుగులో అయితే మూడోవాడు రెండో గడిలోకి వస్తాడని కూడా దూకించి చూపించండి. రెండు భాషల వరుసా కాళ్ళకు తెలుస్తుంది.

"పెట్టెలో" అన్నప్పుడు "లో" చివర వస్తుంది, ఇంగ్లీషులో "ఇన్" ముందుకొస్తుంది. దీనికి సుద్దముక్క, డబ్బా చాలు: ఇన్, ఆన్, అండర్. పదిసార్లు పెట్టి తీయిస్తే వస్తుంది, ఎక్కువ వివరించకండి.

కొంచెం ఎక్కువ శ్రద్ధ కావాల్సింది షీ, ఇట్ దగ్గర. తెలుగులో అక్క వచ్చింది, ఆవు వచ్చింది, వాన వచ్చింది. ముగ్గురికీ క్రియ ఒకటే. అందుకే పిల్లలు అమ్మను కూడా ఇట్ అంటారు. శుభలేఖల కార్డుల మీద అమ్మ, అవ్వ, ఆవు, వాన, తాత, బస్సు బొమ్మలు గీసి మూడు గంపల్లోకి వేయించండి: హీ, షీ, ఇట్. వేసేటప్పుడు ఒక వాక్యం చెప్పాలి. నెల రోజులు తప్పులు వస్తూనే ఉంటాయి. రానివ్వండి.

తప్పు దిద్దడం గురించి ఒక్క మాట. ఆట మధ్యలో ఆపి దిద్దకండి. "ఐ మ్యాంగో ఈట్" అన్న పిల్లకు "ఓ, యు ఈట్ మ్యాంగోస్? ఐ ఈట్ మ్యాంగోస్ టూ" అని సరైన వాక్యంతోనే బదులివ్వండి. ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు మాట్లాడితే శిక్ష వేసే పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. కొత్త ఆట నియమాలు ఒక నిమిషంలో తెలుగులో చెప్పేయండి. ఇంగ్లీషులో పది నిమిషాలు చెప్పి ఎవరికీ అర్థం కాకపోతే ఆటకు కేటాయించిన సమయం పోతుంది.

కథ

పిల్లలకు ముందే తెలిసిన కథ ఇంగ్లీషులో చెబితే అర్థం వెంట పరిగెత్తక్కర్లేదు, మాటలు వింటారు. మన జిల్లాల్లో దీనికి దొరికిన వరం శ్రీకాళహస్తి. ఊరి పేరులోనే మూడు ప్రాణులు ఉన్నాయి: శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. స్పైడర్, స్నేక్, ఎలిఫెంట్.

మొదట ఆరు వాక్యాలు చాలు. "ద స్పైడర్ మేక్స్ ఎ వెబ్. ద స్నేక్ బ్రింగ్స్ జెమ్స్. ద ఎలిఫెంట్ కమ్స్. ద ఎలిఫెంట్ బ్రింగ్స్ వాటర్. ద ఎలిఫెంట్ త్రోస్ ద జెమ్స్. ద స్నేక్ ఈజ్ యాంగ్రీ." మొదటి రోజు మీరు చెబుతూ చేతులతో చేసి చూపండి. రెండో రోజు వాక్యం చివరి మాట వదిలేయండి, పిల్లలు పూరిస్తారు. మూడో రోజు తరగతిని మూడు గుంపులు చేయండి, తమ జంతువు పేరు వినబడగానే ఆ గుంపు లేచి చేసి చూపాలి. నాలుగో రోజు కావాలనే తప్పు చెప్పండి: "ద స్నేక్ మేక్స్ ఎ వెబ్." సాలీడు గుంపు ఊరుకోదు. "నో! స్పైడర్!" అని అరుస్తుంది. శ్రద్ధగా విన్నారని చెప్పడానికి ఇంకే పరీక్షా అక్కర్లేదు. ఇతర మతాల పిల్లలున్న తరగతిలో దీన్ని జంతువుల కథగానే నడిపిస్తాను, అందరూ సంతోషంగా ఆడతారు.

తిరుపతి జూ చూడ్డానికి వెళ్ళే అవకాశం ఉంటే ఈ కథ తర్వాత వెళ్ళండి. ప్రతి పిల్లా మూడు బోర్డుల మీద ఇంగ్లీషు పేర్లు చూసి రాసుకుని రావాలి. జడలో జ సాగదీసిన శబ్దం ఆ రోజు బాగా పనికొస్తుంది.

చదవడం

నోటికి వంద, నూటయాభై మాటలు వచ్చాకే చదవడం మొదలుపెట్టండి. పిల్ల అప్పటికే అనగలిగే మాటను కాగితం మీద గుర్తుపట్టడం సులువు.

తెలుగు పిల్లకు ఇంగ్లీషు అక్షరం దగ్గర వచ్చే అసలు ఇబ్బంది ఇది. తెలుగులో "మ" అనే అక్షరం పేరు మ, పలికేదీ మ. ఇంగ్లీషులో అక్షరం పేరు ఎమ్, పలికేది పెదవులు మూసి "మ్". డబుల్యూ అనే పేరులో ఆ అక్షరం పలికే శబ్దమే లేదు. పైగా అక్షరాలు ఇరవై ఆరు, శబ్దాలు నలభై నాలుగు దాకా. అందుకని ఏబీసీడీ వరుసను పక్కన పెట్టి శబ్దాలతో మొదలుపెట్టండి. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్, ఈ ఆరింటి శబ్దాలు వస్తే సిట్, పిన్, టిన్, ట్యాప్, ప్యాన్, యాంట్ అన్నీ చదివేయవచ్చు. వారంలో మాట చదివిన పిల్ల ముఖం వేరుగా ఉంటుంది.

గుణింతం తేడా ఒకసారి చెప్పండి. తెలుగులో "పి" రాయాలంటే ప నెత్తిన గుడి పెడతాం. ఇంగ్లీషులో ఆ గుడి నెత్తిన ఎక్కదు, పక్కన వచ్చి నిలబడుతుంది. సీసా మూతల మీద అక్షరాలు రాసి పక్కపక్కన పేర్చమంటే ఇది చేతికి అర్థమవుతుంది. చిన్న బీ, చిన్న డీ తారుమారు చేసేవాళ్ళకు రెండు పిడికిళ్ళు ఎదురెదురుగా ఆనించి బొటనవేళ్ళు పైకెత్తమనండి. మంచం కనబడుతుంది. ఎడమ చేయి బీ, కుడి చేయి డీ, మంచమేమో బెడ్.

ద, సెడ్, యు లాంటి మాటలు శబ్దాలు కూడితే రావు. వాటిని వారానికి మూడు చొప్పున కార్డు చూసి గుర్తుపట్టించండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోకి 2020-21లో వచ్చిన, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకాలు ఇక్కడ బాగా ఉపయోగపడతాయి. ముందు తెలుగు పేజీ చదివించి, దాన్ని అట్టతో మూసి, ఇంగ్లీషు పేజీలో తెలిసిన మాటలు వెతికించండి.

రాయడం: పరుగు డిక్టేషన్

నాలుగు, ఐదు తరగతులకు. నాలుగు చిన్న వాక్యాలు కాగితం మీద రాసి బయట వేపచెట్టుకు అంటించండి. పిల్లలు జతలుగా ఉంటారు. ఒకరు పరిగెత్తి ఒక వాక్యం చదివి, మనసులో పెట్టుకుని, లోపలికొచ్చి చెప్పాలి. రెండోవారు రాయాలి. కాగితం తీసుకురాకూడదు, స్పెల్లింగు కావాలంటే మళ్ళీ పరిగెత్తాలి. రెండు వాక్యాల తర్వాత ఇద్దరూ చోట్లు మార్చుకోవాలి. చదవడం, గుర్తుపెట్టుకోవడం, చెప్పడం, వినడం, రాయడం అన్నీ పావుగంటలో అయిపోతాయి. ఎండ ఎక్కువగా ఉంటే కాగితం వరండాలో అంటించండి. నడవలేని పిల్ల ఉంటే ఆ జతకు కాగితాన్ని గుమ్మం దగ్గరే పెట్టండి, లేదా ఆ పిల్ల ఎప్పుడూ రాసే పనిలో ఉండేలా చూడండి.

నలభై నిమిషాల పీరియడ్‌ను నేను ఇట్లా వాడతాను: ఐదు నిమిషాలు నోటి పని, ఐదు నిమిషాలు నిన్నటి ఆట, ఇరవై నిమిషాలు అసలు ఆట, పది నిమిషాలు చదవడం లేదా రాయడం. ఒక చిన్న పుస్తకంలో రోజుకు ఐదారుగురి పేర్లు రాసుకుని, ఆ రోజు వాళ్ళు సొంతంగా అన్న ఒక వాక్యం పక్కన రాస్తాను. నెలకు ప్రతి పిల్లవీ మూడు నాలుగు వాక్యాలు పోగవుతాయి. ఎవరు ఎక్కడున్నారో మార్కుల కంటే అవే బాగా చెబుతాయి.

ఇంటి సంగతి

"ఏం మేడమ్, నోటుబుక్కులో ఏమీ రాయించలేదే?" అని తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. వాళ్ళు అడగడంలో న్యాయం ఉంది. రాసిన పేజీ ఒక్కటే వాళ్ళ కంటికి కనబడే చదువు. అందుకని శనివారం ప్రతి పిల్లా ఒక పేజీ ఇంటికి తీసుకెళ్తుంది. పైన ఒక బొమ్మ, కింద ఒకే వాక్యం: "దిస్ ఈజ్ అవర్ కౌ" లాంటిది. ఇంట్లో అమ్మకో అవ్వకో చదివి వినిపించాలి. విన్నవాళ్ళు పేజీ మూల ఒక టిక్కు పెట్టాలి. ఇంగ్లీషు రాని అమ్మ, అసలు చదవడమే రాని అవ్వ కూడా పెట్టగలిగే టిక్కు అది. సోమవారం పొద్దున పుస్తకాలు చూసి టిక్కు లేనివి పక్కకు తీస్తాను. ఆ పిల్లలు ఆ పేజీ నాకు చదివి వినిపిస్తారు, ఆ టిక్కు నేను పెడతాను, ఆ రోజు సంచిలో మొదట చేయి పెట్టేది వాళ్ళే.